అందమునకై శస్త్రచికిత్స: వైద్యుని యెన్నిక

మనవారు పెండ్లిసంబంధము కుదుర్చుకొనునపుడు ఏడుతరముల ముచ్చట విచారింతురు. పట్టుచీర కొనవలెనన్నను నాలుగు దుకాణములు తిరిగి, అంచును వెలుతురునకు పట్టి, జరీని వ్రేలితో రాచి చూచినగాని బరంపురపు ఇల్లాలు సొమ్ము విప్పదు. ఇంతటి జాగ్రత్తగల మనము, మన ముఖముపై కత్తి పెట్టనున్న వైద్యుని ఎన్నుకొనునపుడు మాత్రము, ఎవరో బంధువు చెప్పిన మాటనో, దారిలో కనబడిన ప్రకటననో నమ్మి బయలుదేరుచున్నాము. అందముకొఱకు చేయించుకొను శస్త్రచికిత్స సినిమాతారలకు, కోటీశ్వరులకు మాత్రమే సంబంధించినదను కాలము గడచిపోయినది. మన వీథులలోని పిల్లలు నేడు దానినిగూర్చి మాటలాడుకొనుచున్నారు. కావున ఈ విషయమున నేను చూచినదియు, విచారించి తెలిసికొనినదియు మన కుటుంబములవారి యెదుట ఉంచుట అనుచితము కాదని తలంచుచున్నాను.

ముందుగా ఒక అపోహను తొలగింపవలసియున్నది. ప్లాస్టిక్ సర్జరీ అనగానే చర్మము క్రింద ప్లాస్టిక్ రేకు పెట్టి కుట్టుదురని మన ముసలివారిలో కొందరు భయపడుదురు. ఆ మాట గ్రీకు భాషనుండి వచ్చినది. మలచుట, రూపు దిద్దుట అని దాని అర్థము. మనమెరిగిన ప్లాస్టిక్ వస్తువులు పుట్టక పూర్వమే ఐరోపా వైద్యులు దానిని వాడుకలోనికి తెచ్చిరి. ఈ విద్యలో రెండు శాఖలు గలవు. కాలి ముడుచుకొనిన చర్మమును సడలించుట, గ్రహణమొఱ్ఱితో పుట్టిన శిశువు పెదవిని కలుపుట, ప్రమాదములలో చితికిన ముఖమును తిరిగి నిలుపుట మొదటిది. ముక్కుతీరు మార్చుట, కొవ్వు తీయుట, బట్టతలపై వెండ్రుకలు నాటుట మొదలగునవి రెండవది. నగల బరువునకు తెగిన చెవితమ్మెను అతికించుట ఈ రెంటికిని నడుమ నిలుచును. అది మన యిండ్లలో అమ్మమ్మలకు, నాయనమ్మలకు బాగుగా తెలిసిన బాధయే.

ఇక నా అనుభవము. మా తమ్ముని కుమార్తె తొమ్మిదవయేట దీపావళినాడు చిచ్చుబుడ్డి పేలి గాయపడినది. ప్రాణాపాయము తప్పినది గాని, ఎడమ చెక్కిలి క్రిందినుండి మెడ ప్రక్కవరకు చర్మము త్రాడువలె ముడుచుకొని నిలిచిపోయెను. తలను కుడివైపునకు పూర్తిగా త్రిప్పుట ఆమెకు కష్టముగా నుండెడిది. చదువుకొని, బ్యాంకులో ఉద్యోగము సంపాదించుకొని, ఇరువదినాలుగవయేట ఒకనాడు, “పెదనాన్నా, దీనికి వైద్యము చేయించుకొందును. మంచి వైద్యుని మీరే చూచిపెట్టవలెను” అని నన్నడిగెను. అప్పటికి ఒక సంబంధమువారు వచ్చి చూచి వెళ్ళియుండిరి. మచ్చ పోవునా, పోదా అని మధ్యవర్తిచేత అడిగించుచుండిరి.

ఆ సాయంకాలము మా యింట చిన్న సభయే జరిగెను. “విశాఖకే తీసికొనిపొండి, అక్కడ మనవారుందురు” అని మా తల్లిగారు. కటకములో చేయించిన ఖర్చు తగ్గునని తమ్ముడు. మేనల్లుడు తన చేతిఫోనులో ఒక సంస్థవారి బొమ్మలు చూపించెను. చికిత్సకు ముందు ఒక ముఖము, తరువాత ఒక ముఖము. రెండవది దీపమువలె వెలుగుచుండెను. ఎవరి మాటలోను ఆ పని చేయు వైద్యుడెవరు, ఏమి చదివినాడు అను ప్రశ్న రాలేదు.

విశాఖవైపు చూచుట గంజాము తెలుగువారికి తాతలనాటి అలవాటు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమగువరకు ఈ ప్రాంతము మదరాసు రాజధానిలోనే యుండెను. 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల స్థాపింపబడినది మొదలు పెద్దజబ్బు చేసిన ప్రతివానిని దక్షిణపు రైలెక్కించుట పరిపాటి యయ్యెను. తరువాత 1944లో కటకమునందును, 1962లో మహారాజా కృష్ణచంద్ర గజపతి పేర మన బరంపురమునందును వైద్యకళాశాలలు వెలసినవి. ఇప్పుడు మనకు దారులు రెండువైపుల గలవు. దక్షిణమున సుమారు 280 కిలోమీటర్లలో విశాఖ. ఉత్తరమున సుమారు 170 కిలోమీటర్లలో భువనేశ్వరము, దానికి కొంచెము పైన కటకము. దారులు పెరిగినకొలది ఎన్నుకొను బాధ్యతయు పెరుగును గదా!

పిల్లల మాట కాదనలేక మొదట ఆ ప్రకటనల సంస్థకే వెళ్ళితిమి. అది ఏ నగరమున నున్నదో చెప్పుట అనవసరము. అక్కడ వైద్యునికంటె ముందు వెల మాకెదురయ్యెను. చక్కగా అలంకరించుకొనిన ఒక యువతి మమ్ము కూర్చుండబెట్టి, మచ్చతోపాటు ముక్కునుకూడ సరిచేయించుకొనినచో మొత్తముమీద ఇంత తగ్గింపు కలదనియు, ఆనాడే బయానా చెల్లించినవారికి మరికొంత తగ్గింపు కలదనియు చెప్పెను. అమ్మాయి తన ముక్కునుగూర్చి అంతవరకు ఎన్నడును ఆలోచింపలేదు. ఆ తరువాత వైద్యుడు వచ్చెను. తెలుగువాడే. “మీది గంజామా? మా అమ్మమ్మగారిది ఇచ్ఛాపురము” అనగానే మా మరదలి ముఖము వికసించెను. ఆయన మచ్చను రెండు నిమిషములు చూచి, ఆనవాలు లేకుండ పోవునని హామీ యిచ్చెను. నేను ఆయన చదువునుగూర్చి, వైద్యమండలిలోని నమోదు సంఖ్యనుగూర్చి అడిగితిని. గోడకు తగిలించిన పటములవైపు చేయి చూపెను. దగ్గరకు పోయి చదువగా అవి కొన్నిదినముల శిక్షణకు ఇచ్చిన యోగ్యతాపత్రములు. సంఖ్య గోడపైన లేదు, మా చేతికిచ్చిన చీటిపైనను లేదు. ఆలోచించి వత్తుమని చెప్పి లేచి వచ్చితిమి.

ఈ సంఖ్య సామాన్య విషయము కాదు. వైద్యుల నడవడినిగూర్చి 2002లో చేయబడిన నిబంధనలనుబట్టి ప్రతి వైద్యుడును తన నమోదు సంఖ్యను వైద్యశాలలో కనబడునట్లు ఉంచవలెను, మందుచీటిపై వ్రాయవలెను. ప్రకటనలతో రోగులను ఆకర్షించుట కూడదని ఆ నిబంధనలే చెప్పుచున్నవి. సంఖ్య తెలిసినచో ఆయన పేరు, చదువు వైద్యమండలి పట్టికలో ఎవరైనను చూచుకొనవచ్చును. ప్లాస్టిక్ సర్జను కావలెనన్న ఎం.బి.బి.ఎస్. తరువాత సాధారణ శస్త్రవిద్యలో ఎం.ఎస్. చేసి, ఆపై మూడు సంవత్సరములు ఎం.సిహెచ్. చదువుట చిరకాలముగా నున్న మార్గము. దానికి సమానమైన జాతీయ పరీక్షలును కలవు. వెండ్రుకలు నాటుట వంటి పనులనుగూర్చి 2022 సెప్టెంబరులో జాతీయ వైద్యకమిషన్ మార్గదర్శకములు వెలువరించుచు, యూట్యూబులో చూచియో, కార్యశాలలకు పోయియో నేర్చినది చాలిన శిక్షణ కాదని స్పష్టముగా పలికెను. బోర్డుపై ‘కాస్మెటిక్’ అను మాట ఎంత పెద్ద అక్షరములతో నున్నను, దాని క్రింద నున్న చిన్న అక్షరములే మనము చదువవలసినవి.

ఇదంతయు నేటి ప్రభుత్వములు కొత్తగా కనిపెట్టిన కట్టుబాటని అనుకొనరాదు. తెగిన చెవితమ్మెలను కలుపు పదునైదు విధములను, చెక్కిలి చర్మముతో ముక్కును నిర్మించు పద్ధతిని చెప్పిన సుశ్రుతసంహితయే వైద్యుని యోగ్యతనుగూర్చియు చెప్పినది. శాస్త్రము మాత్రమే తెలిసినవాడును, చేతిపని మాత్రమే తెలిసినవాడును ఒంటిఱెక్క పక్షివంటివారని దాని అభిప్రాయము. శిష్యుడు గుమ్మడి, సొర, దోస వంటి కాయలపై కోతను అభ్యసించిన పిమ్మటగాని మనుష్యునిపై చేయి వేయరాదు. రాజానుమతి పొందిన పిమ్మటగాని వృత్తిలో ప్రవేశింపరాదు. నేటి వైద్యమండలి నమోదును ఆనాటి రాజానుమతికి వారసత్వముగా మనము భావింపవచ్చును.

ఆ విద్య పుస్తకములలోనే నిలిచిపోలేదు. మైసూరు యుద్ధములలో టిప్పు సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకొనిన కవాస్‌జీ అను బండివానికి, పూనా ప్రాంతమున ఇటుకలు చేయు కులమునకు చెందిన ఒకడు నుదుటి చర్మముతో క్రొత్తముక్కును నిర్మించెను. ఆ వృత్తాంతము 1794లో లండనునందలి ఒక పత్రికలో ప్రకటింపబడినది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు వెంటనే కత్తి చేపట్టలేదు. శవములపై అభ్యాసము చేసి, తగిన రోగికై సంవత్సరములతరబడి వేచియుండి, 1814లో మొదటిసారిగా ఆ శస్త్రచికిత్స చేసెను. పత్రికలో చదివినదానిని మనుష్యునిపై ప్రయోగించుటకు ఇరువదియేండ్లు పట్టినది! రెండుదినముల శిక్షణతో బోర్డు కట్టువారు ఈ కథ వినదగినది.

రెండవసారి మేము ఒక ప్రభుత్వ వైద్యకళాశాలలోని ప్లాస్టిక్ సర్జరీ విభాగమునకు పోయితిమి. వరుసలో మూడుగంటలు నిలుచుంటిమి. వైద్యుడు ఒడియావారు. లోనికి పిలిచినవెంటనే తల్లిదండ్రులను, నన్ను వెలుపల నిలుపుమని చెప్పి, అమ్మాయితో ఒంటరిగా మాటలాడిరి. నర్సు మాత్రము ఆ గదిలో నుండెను. తరువాత అమ్మాయి చెప్పగా తెలిసినది. ఆయన అడిగినవి మూడే ప్రశ్నలు. ఈ మచ్చవలన నీకు కలుగుచున్న కష్టమేమి? ఈ చికిత్స నీవు కోరుచున్నావా, మరియెవరైన కోరుచున్నారా? ఇంతయు చేసిన తరువాత మచ్చ కొంత మిగిలియున్నచో నీవేమందువు?

అటుపిమ్మట మమ్ము లోనికి పిలిచి, తల ఎంతవరకు తిరుగుచున్నదో కొలిచి చూపిరి. మచ్చను చెరిపివేయు శస్త్రవైద్యుడు లోకమున లేడనిరి. ముడుచుకొనిన గీతను వంకరగా కోసి, ముక్కోణపు చర్మపుపొరలను ఒకదాని స్థానమున మరొకదానిని మార్చి కుట్టినచో మెడ సడలును. చర్మము చాలనిచోట తొడనుండి తీసి అతుకవలసియుండును. దాని రంగు ముఖపు రంగుతో పూర్తిగా కలియదు. మనవంటి చామనచాయ చర్మములలో గాయము మానునపుడు కండ పొంగి గట్టిపడు గుణము, కీలాయిడ్ అనునది, కొందరికి కలదు. క్రొత్త మచ్చ మెత్తబడి నిలకడకు వచ్చుటకు సంవత్సరము పట్టవచ్చును. అంతవరకు ఒత్తుపట్టీ కట్టుకొని, సిలికాను పట్టీలు వాడుచు ఓపిక పట్టవలెను. “మూడునెలలలో పెండ్లి, ఈలోపల నునుపుచేయుమందురా, నేను చేయను” అనిరి. మా తమ్ముని ముఖము చిన్నబోయెను గాని, నాకు ఆ ‘చేయను’ అను మాటవలననే ఆయనపై విశ్వాసము కలిగినది. మొదటి చోట అడుగనిదికూడ చేయుదుమనిరి. ఇచట అడిగినదానిలో కొంత కాదనిరి.

నేను మరియొక ప్రశ్న అడిగితిని: మత్తుమందు ఎవరిత్తురు? ఈ ప్రశ్నను మనవారు తరచుగా మఱచెదరు. ముఖమును దిద్దు చేయి ఒకటి. ఆ సమయమున ఊపిరిని, గుండెను కాపాడు చేయి మరియొకటి. ఈ విషయమున తెలుగుదేశమునకు ఒక చరిత్ర కలదు. 1888, 1889 సంవత్సరములలో నిజాము ప్రభుత్వపు ఆదరణతో హైదరాబాదున క్లోరోఫారము పరిశోధనసంఘములు పనిచేసినవి. ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు వానికి నాయకుడు. శ్వాసను గమనించిన చాలును, నాడిని చూడనక్కరలేదని వారు తీర్మానించిరి. ఆ మందు గుండెనే ఆపివేయగలదని తరువాతి పరిశోధనలు నిరూపించినవి. అంతటి పండితులు చర్చించిన విషయమును ఒక చిన్నగదిలో, తగిన మత్తువైద్యుడు లేకుండ, ప్రాణవాయువు లేకుండ జరుపుట ఎంత సాహసమో పాఠకులు ఊహింపగలరు. 2022 మే నెలలో బెంగుళూరునందు 21 సంవత్సరముల కన్నడ దూరదర్శన నటి యొకతె కొవ్వు తీయించుకొను శస్త్రచికిత్స అనంతరము మరణించినది. కొవ్వు తీయుట ఒడలి బరువు తగ్గించుకొను మార్గము కాదని, అదియు శస్త్రచికిత్సయే యని ఆ వార్త చదివిన ఇండ్లలోనైన తెలిసియుండవలెను.

ఇంటికి వచ్చిన తరువాత మా తల్లిగారు ఒక ఆక్షేపణ తెచ్చిరి. “ఒడియా మాటలాడు వైద్యునికి మన బాధ యేమి తెలియును? ఆ మొదటివాడు మన భాషవాడు గదా!” ఈ ఆక్షేపణను నేను తేలికగా త్రోసివేయను. బజారులో బేరము ఒడియాలో చేయుదుము గాని, నొప్పి కలిగినపుడు నోట వచ్చునది తెలుగే. సలుపు వేరు, తీపు వేరు, తిమ్మిరి వేరు, మంట వేరు. ఈ భేదము వైద్యునికి చెప్పలేకపోయినచో చికిత్సయే మారిపోవచ్చును. ఈ గంజాము జిల్లాలో భాగముగా నుండిన పర్లాకిమిడిలో నివసించిన గిడుగు రామమూర్తిపంతులుగారు సవరలకు చదువు చెప్పవలెనని ముందుగా సవరభాష తాము నేర్చుకొనిరి. మేలు చేయదలచినవాడు ఎదుటివాని భాషలోనికి వెళ్ళవలెనని ఆయన జీవితమే మనకు చెప్పుచున్నది.

కాని భాష మనదైనంతమాత్రమున విద్య ఉన్నట్లు కాదు. ఇచ్ఛాపురపు అమ్మమ్మ పేరు శస్త్రవిద్యకు పట్టము కాజాలదు. భాష కొఱత పడినచోట దానిని పూరించుకొనవచ్చును. విద్య కొఱతను ఎవరును పూరింపలేరు. మేము అట్లే చేసితిమి. అమ్మాయి ఒడియా బడిలో చదివినది గనుక ఆమెకు చిక్కు లేదు. ఆమె తల్లికి మాత్రము ఒడియా అంతగా రాదు. మరుసటిసారి పోవునపుడు మా ప్రశ్నలన్నియు రెండుభాషలలో వ్రాసికొని పోయితిమి. అంగీకారపత్రము ఇంగ్లీషులో నుండెను. వైద్యుడు పంక్తి పంక్తికి ఆగి ఒడియాలో చెప్పగా, నేను మా మరదలికి తెలుగులో చెప్పితిని. ఆయన విసుగుకొనలేదు. 2008 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఒక తీర్పులో, రోగి తనకు చేయబోవు చికిత్స స్వరూపమును, దానిలోని ప్రమాదములను, ఇతర మార్గములను తగినంత తెలిసికొని ఇచ్చినదే అంగీకారమనియు, ఒక చికిత్సకు ఇచ్చిన అంగీకారము మరియొకదానికి చెల్లదనియు నిర్ణయించినది. అర్థముకాని కాగితముపై సంతకము చేయక ఆగుమనుట మన హక్కు. వైద్యుని అవమానించుట కాదు.

ఇంటి పెద్దలకు ఒక మాట మనవి చేయవలసియున్నది. 2016లో హైదరాబాదున ఒక యువకుడు పొడవు పెరుగుటకై కాళ్ళయెముకలకు శస్త్రచికిత్స చేయించుకొనెను. తల్లిదండ్రులకు చెప్పలేదు. కుమారుడు కనబడలేదని వారు వెదకుకొనవలసివచ్చెను. మన పిల్లలు ఇట్లు రహస్యముగా పోవుటకు కారణము కొంత మనయందే కలదు. రూపమునుగూర్చి వారు నోరు విప్పగానే వేళాకోళము చేయుదుము, లేదా దేవుడిచ్చిన ముఖమని కసరుదుము. మరల పెండ్లిచూపులనాడు మనమే రంగును, ముక్కును ఎంచుదుము. పిల్ల మన యెదుట మాటలాడలేనపుడు ప్రకటనతో మాటలాడును. అది కసరదు గదా!

ఈ వైద్యమును అందరును విలాసమని త్రోసివేయుటయు న్యాయము కాదు. వెల్లూరులో 1946 మొదలు పనిచేసిన పాల్ బ్రాండ్ కుష్ఠరోగుల వంకరపోయిన వ్రేళ్ళను శస్త్రచికిత్సతో సరిచేసిరి. రోగము నయమై, చేతులు పనిచేయుచున్నను, ముఖముపైని గురుతులనుబట్టి లోకులు వారిని దగ్గరకు రానీయలేదు. అందువలన అక్కడివారు పడిపోయిన ముక్కులను నిలుపుట, రాలిపోయిన కనుబొమలను తిరిగి అమర్చుటకూడ చేపట్టిరి. ముఖము మనుష్యునికి సంఘములోనికి ద్వారము. ఆ ద్వారము మూసికొనిపోయినవానికి అందము కోరుట దోషమనుటకు మనకు అధికారము లేదు.

మా అమ్మాయికి శస్త్రచికిత్స జరిగినది. మచ్చ పోలేదు. సన్నబడినది, మెత్తబడినది, చూచువారికి కనబడుచునే యున్నది. సంబంధమువారు మరల కబురు చేసినపుడు ఆమెయే ఫోను తీసికొని, “పూర్తిగా పోదండి” అని చెప్పెను. ఆ సంబంధము తప్పిపోయినది. మా తల్లిగారు కొన్నాళ్ళు దిగులుపడిరి, అమ్మాయియు బాధపడకపోలేదు. అయినను ఆమె ఇప్పుడు స్కూటరుపై బ్యాంకునకు పోవుచు, కుడిప్రక్కనుండి వచ్చు బండిని తల త్రిప్పి చూడగలుగుచున్నది. వైద్యుడు చేయగలనని చెప్పినది అదియే, అది చేసిరి.

మన సంఘమునకు ఒక సూచన చేసి విరమింతును. మనలో విశ్రాంత వైద్యులున్నారు, నర్సులున్నారు, ఒడియా తెలుగు రెండును ధారాళముగా వ్రాయగల ఉపాధ్యాయులున్నారు. నెలకొక సాయంకాలము వారు సంఘమందిరమున కూర్చుండి, శస్త్రచికిత్సకు పోవువారికి నమోదు సంఖ్యను సరిచూచి పెట్టుట, అడుగవలసిన ప్రశ్నలను రెండుభాషలలో వ్రాసి యిచ్చుట, తోడు లేనివారికి అంగీకారపత్రము చదివి వినిపించుట చేయవచ్చును. దీనికి పెద్ద నిధి అక్కరలేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, కొంత ఓర్పు చాలును. పట్టుచీర అంచును పరీక్షించు చూపు మనకు పుట్టుకతో వచ్చినదే. దానిని మందుచీటి అడుగున నున్న చిన్న అక్షరములమీదకు త్రిప్పుట మాత్రమే మిగిలియున్నది.